శరత్కాలపు నడక, దిగాక కలిసి భోజనం: లెక్క సాయంత్రం నుంచి వెనక్కి

ఆకులు రాలే కాలంలో పదిపన్నెండు మంది కలిసి దగ్గర్లో ఉన్న కొండదారో అడవిదారో నడిచి, దిగాక అందరూ ఒకచోట కూర్చుని వేడివేడిగా తినడం కంటే మంచి ఆదివారం ఇంకోటి లేదు. కానీ నడక ఏర్పాట్లు ఒకరు, భోజనం ఏర్పాట్లు ఇంకొకరు, ఎవరికి వారు చేసుకుంటే తేడా కొడుతుంది. దారి చూసేవాళ్లకు కిలోమీటర్లే కనిపిస్తాయి, వంట చూసేవాళ్లకు గిన్నెలే కనిపిస్తాయి. ఈ రెండూ కలిసే అరగంట ఎవరి లెక్కలోనూ ఉండదు. జనం చెమటతో కిందికి దిగి గిన్నె ముందు నిలబడతారు, పొద్దు వాలుతుంటుంది, గాలి చల్లబడుతుంది, స్టవ్ మీద నీళ్లు ఇంకా మరగవు. అందుకే రెంటికీ కలిపి ఒకటే లెక్క వేయాలి. అది సూర్యాస్తమయం దగ్గర మొదలై వెనక్కి నడవాలి.

ఈ కాలంలో పొద్దు ఎంత త్వరగా తగ్గిపోతుందో చాలామంది ఊహించరు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టుపక్కల, అంటే ఉత్తరార్ధగోళంలో సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో, దక్షిణార్ధగోళంలో మార్చి 20, 21 ప్రాంతంలో, పగటివేళ తగ్గే వేగం అన్నిటికంటే ఎక్కువ. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర రోజుకు రెండున్నర నిమిషాలకు పైగా, 50 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలకు పైగా పోతుంది. మూడు వారాల కిందట నడిచిన దారే కదా అని అదే ప్లాన్ పెట్టుకుంటే, 50 డిగ్రీల దగ్గర ఆ పాటికి గంటకు మించి పగలు తరిగిపోయి ఉంటుంది. పైగా క్యాలెండర్‌లో రాసే సూర్యాస్తమయం మైదానానికి సంబంధించిన లెక్క. లోయలో సూర్యుడు కొండ చాటుకు చాలా ముందే పోతాడు. దట్టమైన చెట్ల కింద అయితే సూర్యాస్తమయానికి అరగంట ముందే కాలి కింద రాయి సరిగా కనపడదు. గడియారాన్ని గంట వెనక్కి తిప్పే దేశాల్లో ఆ వారాంతం మరీ జాగ్రత్త. నిన్నటిదాకా ఆరింటికి అయిన చీకటి ఇవాళ ఐదింటికే అవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సూర్యాస్తమయం సాయంత్రం 6:00. భోజనం ఆరుబయటే, బండ్లు పెట్టిన చోట. తిని, గిన్నెలు సర్ది, చెత్త ఏరుకుని అందరూ కదిలేసరికి ఇంకా వెలుతురు ఉండాలంటే 5:30కి సర్దుడు అయిపోవాలి. పన్నెండు మందికి వడ్డించి, తీరిగ్గా తిని, సర్దడానికి గంటన్నర కావాలి. అంటే 4:00కి వడ్డన. దిగిన మనిషి బట్టలు మార్చుకుని చేతులు కడుక్కోవడానికి అరగంట. అంటే నడక 3:30కి ముగియాలి. ఇప్పుడు చూడండి, దారి పొడవు ఎంతో మీరు నిర్ణయించనవసరం లేదు, గడియారమే చెబుతుంది.

నడకకు పట్టే సమయానికి 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. మెట్రిక్‌లో చెబితే గంటకు 5 కిలోమీటర్లు, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. 10 కిలోమీటర్ల దారి, మొత్తం 400 మీటర్ల ఎక్కుడు అనుకుంటే రెండు గంటలు, దానికి 40 నిమిషాలు కలిపి 2 గంటల 40 నిమిషాలు. అయితే ఇది ఆగకుండా నడిచే, అలవాటున్న ఒక్క మనిషి లెక్క. రకరకాల వాళ్లున్న గుంపుకు దీన్ని ఒకటిన్నరతో హెచ్చవేయండి: 4 గంటలు. మధ్యలో ఒక పెద్ద విరామం అరగంట. మొత్తం నాలుగున్నర. అంటే 11:00కి మొదటి అడుగు పడాలి. అందరూ చేరుకోవాల్సిన సమయం 10:30 అని చెప్పాలి, ఎందుకంటే లేసులు బిగించుకోవడం, బాత్రూమ్, ఇంకా రాని ఒకరి కోసం ఎదురుచూపు, అన్నీ కలిసి ఆ అరగంటను మింగేస్తాయి. అంతకంటే ఆలస్యమైతే భోజనం వేళను వెనక్కి జరపకండి, దారిని కురచ చేయండి. ఈ ఒక్క నియమం మీద గట్టిగా నిలబడితే మిగతావి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి.

దారిని కురచ చేయాలంటే అలా చేయడానికి వీలున్న దారి ముందే ఎంచుకుని ఉండాలి. గుండ్రంగా తిరిగి వచ్చే దారి అందంగా ఉంటుంది, కానీ సగానికి చేరాక వెనక్కి తిరిగినా ముందుకు పోయినా ఒకటే దూరం. కొత్తవాళ్లు, పిల్లలు, పెద్దవాళ్లు కలిసి వస్తున్నప్పుడు వెళ్లిన దారినే తిరిగొచ్చేది మంచిది, లేదంటే మధ్యలో అడ్డదారి ఉండి 8 అంకెలా రెండు చిన్న చుట్లుగా విడదీయగలిగేది. అలాంటి దారిలో అలసిన నలుగురు ఒక చుట్టుతో ఆగి వంట దగ్గరికి చేరతారు, మిగతావాళ్లు రెండోది పూర్తిచేస్తారు. వెళ్లి తిరిగొచ్చే దారి అయితే వెనుదిరిగే సమయం ఒకటి బయల్దేరక ముందే అందరి ముందూ చెప్పండి. పై లెక్కలో అది 1:15. ముందు ఎక్కుడు, తర్వాత దిగుడు అయితే పావుగంట అటూ ఇటూ జరపొచ్చు. శిఖరం పదినిమిషాల దూరంలోనే ఉందన్నా సరే, ఆ టైముకు తిరగాల్సిందే.

నడకకు ముందు వారం రోజుల్లో ఎవరో ఒకరు ఆ దారిని ఒకసారి నడిచి చూసి రావాలి. వేసవిలో చూశాం కదా అనుకోవడం చాలదు. కాలిబాట అంటే చుట్టూ ఉన్న నేల కంటే వేరుగా కనిపించే గీత. ఆకులు రాలాక ఆ తేడా పోతుంది. అడవి నేలా దారీ ఒకే రంగులో ఉంటాయి. అప్పుడు కళ్లు నేల మీద నుంచి చెట్ల మీదికి మారాలి, బోదెల మీద వేసిన రంగు గుర్తులు వెతకాలి. రెండు మూడు గుర్తుల దూరం నడిచినా కొత్త గుర్తు కనపడకపోతే, చివరిసారి చూసిన గుర్తు దగ్గరికి వెనక్కి రావాలి తప్ప ముందుకెళ్లి వెతకకూడదు. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ ముందురోజే దించుకోండి. చలికి బ్యాటరీ మామూలుకంటే త్వరగా దిగిపోతుంది కాబట్టి ఫోన్‌ను జాకెట్ లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి.

ఆకుల కింద ఏముందో తెలియకపోవడం ఈ కాలంలో అసలైన ప్రమాదం. పైపొర ఎండి గలగలలాడుతుంటుంది, కింది పొర రెండు రోజుల కిందటి వానకు ఇంకా నాని ఉంటుంది. అడుగు వేయగానే పైపొర కింది పొర మీద జారుతుంది. చదునైన రాయి, చెక్క వంతెన, దారికి అడ్డంగా ఉన్న వేరు, ఈ మూడింటి మీద ఆకులు పడి ఉంటే మరీ జారుతుంది. వేరు మీద ఎప్పుడూ కాలు వేయకండి, దాటి వేయండి. ఓక్ చెట్లున్న వాలు మీద రాలిన గింజలు గోళీల్లా దొర్లుతాయి. దిగేటప్పుడు అడుగు చిన్నదిగా, మోకాలు కొంచెం వంచి, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయాలి. మడమ ముందు గుచ్చితే జారేది అక్కడే. చేతికర్రలు ఉంటే దిగుడులో ఒక ఐదు, పది సెంటీమీటర్లు పొడవు పెంచుకోండి. బూట్ల అడుగున గాళ్లలో బురదా ఆకులూ కలిసి పేరుకుపోతే కొత్త బూటు కూడా పాత చెప్పుతో సమానం. మధ్యమధ్యలో ఒక రాయికేసి తట్టి దులుపుకోవాలి.

ఇక గుంపు. పన్నెండు మంది దాటితే రెండు గుంపులు చేసి ఇద్దరు లీడర్లను పెట్టండి. ప్రతి గుంపుకూ ముందు ఒకరు, అందరికంటే వెనక ఒకరు. వెనక నడిచే ఆ మనిషిని చాలామంది స్వీప్ అంటారు. స్వీప్‌ను దాటి ఎవరూ వెనక ఉండకూడదు, లీడర్‌ను దాటి ఎవరూ ముందుకు పోకూడదు. దారి చీలే ప్రతిచోటా లీడర్ ఆగి, స్వీప్ కంటికి కనిపించేదాకా కదలకూడదు. లెక్క పెట్టడం కూడా అక్కడే.

గుంపు నడకలో జరిగే ఒక అన్యాయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేగంగా నడిచేవాళ్లు పైన కూర్చుని పదినిమిషాలు సేదతీరతారు. మెల్లగా నడిచే మనిషి రొప్పుతూ వచ్చేసరికి 'వచ్చేశారా, ఇక పదండి' అని లేస్తారు. అందరికంటే ఎక్కువ అలసిన మనిషికి విరామమే దొరకదు. రెండు గంటలకల్లా ఆ మనిషి కాళ్లు వణుకుతాయి, దిగుడులో జారేది కూడా ఆ మనిషే. విరామం సమయాన్ని చివరి మనిషి వచ్చి కూర్చున్నాక లెక్కపెట్టాలి. అందరికంటే మెల్లగా నడిచేవారిని లీడర్ వెనకే రెండో స్థానంలో నడిపించడం ఇంకా మంచిది. గుంపు వేగం దానంతట అదే సరిపోతుంది, వెనకబడ్డామన్న చిన్నబుచ్చుకోవడమూ ఉండదు.

ఎవరైనా పొదల చాటుకు వెళ్లాల్సి వస్తే తమ బ్యాగును దారి పక్కన కనపడేలా వదిలి వెళ్లాలి. బ్యాగు కనిపిస్తే స్వీప్ అక్కడ ఆగుతాడు. ఈ చిన్న అలవాటు లేని గుంపుల్లోనే మనిషి మిస్సయ్యాడన్న కంగారు ఎక్కువ. ప్రతివాళ్ల దగ్గరా ఈల ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఊదడం, నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు ఊదడం కొండల్లో సాయం కోరే గుర్తు. విన్నవాళ్లు మూడుసార్లు ఊది బదులిస్తారు. పగటి నడకే అయినా ప్రతివాళ్లకూ హెడ్‌ల్యాంప్ తప్పనిసరి. ఫోన్ టార్చ్ చాలదు. ఒక చేయి దానికే పోతుంది, దారి చూపించాల్సిన బ్యాటరీ కూడా అదే.

బట్టల విషయంలో సూత్రం ఒకటే: బయల్దేరేటప్పుడు కొంచెం చలి వేయాలి. వెచ్చగా మొదలుపెడితే మొదటి ఎక్కుడులోనే లోపలి చొక్కా తడిసిపోతుంది, ఆ తడి రోజంతా వదలదు. నడక మొదలైన పదిహేను నిమిషాలకు లీడర్ కావాలనే ఒకసారి ఆగి పై పొర తీసేయమనాలి. ఆగిన ప్రతిసారీ చలి వేయకముందే జాకెట్ వేసుకోవాలి, వేసినాక కాదు. ఒంటికి తగిలే చొక్కా నూలుది వద్దు. నూలు చెమట పీల్చి పట్టి ఉంచుతుంది. ఉన్నిదో పాలియెస్టర్‌దో అయితే త్వరగా ఆరుతుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని, దానికి గాలి తోడవుతుందని గుర్తుంచుకోండి.

భోజనం ఆరుబయట అయితే బట్టల లెక్క అక్కడితో అయిపోదు. నడుస్తున్నంతసేపూ ఒళ్లు వేడి పుట్టిస్తుంది. కూర్చోగానే అది ఆగిపోతుంది, చొక్కా మాత్రం తడిగానే ఉంటుంది. పది డిగ్రీల వాతావరణంలో, చిన్న గాలి ఉంటే చాలు, పదినిమిషాల్లో పళ్లు కొట్టుకోవడం మొదలవుతుంది. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. దానికి గడ్డకట్టే చలే అక్కర్లేదు, తడి, గాలి, అలసట కలిస్తే చాలు. మాట తడబడటం, గుండీ పెట్టుకోలేకపోవడం, ఊరికే విసుక్కోవడం తొలి గుర్తులు. కాబట్టి ప్రతివాళ్లూ బండిలో ఒక సంచి వదలాలి: పొడి లోపలి చొక్కా, పొడి సాక్సులు, వేరే చెప్పులు, మందపాటి జాకెట్, టోపీ, కింద పరుచుకోవడానికి ఒక ఫోమ్ ముక్క. ముందు బట్టలు మార్చుకోవడం, తర్వాత చేతులు కడుక్కోవడం, ఆ తర్వాతే గిన్నె దగ్గరికి. బట్టలు మార్చుకునేటప్పుడే మోకాళ్ల వెనక, నడుము పట్టీ దగ్గర, చంకల్లో పురుగులు పట్టాయేమో చూసుకోండి. చలి దేశాల్లో రక్తం పీల్చే టిక్స్ శరత్కాలంలోనూ చురుగ్గా ఉంటాయి. పట్టి ఉంటే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. నూనె రాయడం, కాల్చడం వద్దు. వేట అనుమతించే ప్రాంతమైతే నారింజరంగు టోపీయో జాకెట్టో వేసుకోండి, వేట రోజులు ముందే కనుక్కోండి.

దిగాక భోజనం ఉందన్న ధీమాతో దారిలో తినడానికి ఏమీ తెచ్చుకోనివాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. నాలుగు గంటలు ఖాళీ కడుపుతో నడిస్తే చివరి గంటలో కాళ్లు బరువెక్కుతాయి, చూపు చెదురుతుంది. గంటకోసారి గుప్పెడు ఎండుపళ్లు, గింజలు, లేదా ఒక అరటిపండు తినాలి. నీళ్లు గంటకు అర లీటరు. చలికి దాహం తెలియదు కాబట్టి లీడరే గుర్తు చేయాలి.

ఇప్పుడు గిన్నె దగ్గరికి వద్దాం. 'ఎవరికి తోచింది వాళ్లు తెండి' అంటే నాలుగు రకాల సలాడ్లు, మూడు కేకులు వస్తాయి, గరిటె ఒక్కటీ రాదు. అందరి వంటకాలూ వేడి చేయాల్సినవే అయితే రెండు బర్నర్ల ముందు వరస కడతారు, మొదటిది వేడెక్కేసరికి చివరిది చల్లారుతుంది. మా సలహా ఏంటంటే వేడి వంటకం ఒక్కటే ఉండాలి, పెద్ద గిన్నెలో, ఒకరిద్దరి బాధ్యతలో. మిగతావాళ్లు వేడి చేయనక్కర్లేని వాటిని తేవాలి, ఎవరేం తేవాలో పేరుపేరునా రాసి పంచాలి. ఆ ఒక్క వంటకంలో మాంసం, పాలు, గోధుమ, వేరుశెనగ, జీడిపప్పు, బాదం లాంటి గింజలు లేకుండా చూస్తే దాదాపు అందరూ తినగలుగుతారు. మాంసమో వెన్నో కావలసినవాళ్లకు వేరే గిన్నెలో, వేరే గరిటెతో పెట్టండి. ఏది పడదో వడ్డించేటప్పుడు కాదు, పేరు నమోదు చేసుకునేటప్పుడే అడగాలి.

పప్పుధాన్యం, కూరగాయలు కలిపిన చిక్కటి సూప్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. పన్నెండు మందికి ఎండు పప్పు 720 గ్రాములు, అంటే తలకు 60, తరిగిన కూరగాయలు 1.2 కిలోలు, నీళ్లు 4 లీటర్లు. ఉడికాక ఐదున్నర, ఆరు లీటర్ల మధ్య వస్తుంది. తలకు దాదాపు అర లీటరు. ఇంట్లో తినేదానికంటే ఇది ఎక్కువే, నాలుగు గంటల నడక తర్వాత ఆ మాత్రం కావాలి. గిన్నె 8 లీటర్లది తీసుకోండి, నిండా నింపితే పొంగుతుంది, బండిలో తొణుకుతుంది. ఉప్పు లీటరుకు 8 గ్రాముల లెక్కన 45 గ్రాములకు వస్తుంది. ముందు 35 వేసి, మిగతాది చివర రుచి చూసి వేయండి. నలుగురికి చేసే వంటను మూడుతో హెచ్చవేసేటప్పుడు చాలామంది బోల్తా పడేది ఉప్పు, కారం, నీళ్ల దగ్గరే. పెద్ద గిన్నెలో ఆవిరైపోయే నీళ్లు పరిమాణంతో పోలిస్తే తక్కువ, అందుకని నీళ్లను మూడింతలు పోస్తే పలచనవుతుంది. మరోవైపు, వేడిగా ఉంచిన సూప్‌లో పప్పు నీళ్లు పీల్చుకుంటూనే ఉంటుంది, రెండు గంటల్లో ముద్దగా మారుతుంది. ఫ్లాస్కులో ఒక లీటరు మరిగిన నీళ్లు విడిగా తీసుకెళ్తే వడ్డించే ముందు పలచన చేసుకోవచ్చు.

సూప్ బదులు ఎర్ర రాజ్మా వండాలనుకుంటే ఒక హెచ్చరిక. సరిగా ఉడకని ఎర్ర రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, నాలుగైదు గింజలు తిన్నా వాంతులు అవుతాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట కుతకుతా మరగనివ్వాలి. మెల్లగా ఉడికించే స్లో కుక్కర్‌లోనో, దుప్పట్లో చుట్టి పెట్టిన గిన్నెలోనో పచ్చిగింజలు వేస్తే ఆ వేడి చాలదు.

దుప్పట్లో చుట్టడం మాత్రం మిగతావాటికి చాలా మంచి పద్ధతి. బయల్దేరే ముందు సూప్‌ను బాగా మరిగించి, మూత పెట్టి, మూతకు టవల్ కట్టి, గిన్నె కిందా చుట్టూ పైనా రెండు మందపాటి దుప్పట్లు కుక్కి, బిగుతుగా ఒక పెట్టెలో పెట్టండి. ఎక్కువ పరిమాణం నెమ్మదిగా చల్లారుతుంది, అందుకే ఆరు లీటర్లు నిలబెట్టే వేడి ఒక లీటరు నిలబెట్టదు. మధ్యలో మూత తీసి చూడొద్దు. తెరిచాక గుచ్చి చూసే థర్మామీటర్‌తో గిన్నె మధ్యలో చూడండి, 60 డిగ్రీలకు పైన ఉంటే నేరుగా వడ్డించొచ్చు. అయితే ఐదారు గంటలు 60 పైన ఉంటుందన్న నమ్మకం ఇంట్లో ఒకసారి పరీక్షించి చూశాకే పెట్టుకోవాలి. అంతసేపు నిలవకపోతే స్టవ్ దగ్గర ఉండే మనిషి నడక ముగియడానికి గంట ముందు మళ్లీ వేడి చేయడమే మేలు.

ముందురోజు రాత్రి వండేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. పెద్ద గిన్నెను అలాగే గట్టు మీద వదిలేస్తే లోపలి భాగం తెల్లవార్లూ గోరువెచ్చగానే ఉంటుంది. ఉడికినా చావని క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు ఆ గోరువెచ్చదనంలోనే మొలకెత్తి పెరుగుతాయి. గుంపు భోజనాల్లో కడుపునొప్పులకు ఇది పేరుమోసిన కారణం. వండిన రెండు గంటల లోపు ఐదు సెంటీమీటర్ల లోతుకు మించని పళ్లేల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాడు కుతకుతా మరిగించాలి. అన్నం విషయంలో మళ్లీ వేడి చేయడం కూడా పూర్తిగా కాపాడదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా నిలవ అన్నంలో వదిలే విషం వేడికి విరగదు. కాబట్టి ఆరుబయట భోజనానికి అన్నం కంటే బ్రెడ్ సులువు, తలకు 120 గ్రాములు. అన్నమే కావాలంటే తలకు 80 గ్రాముల బియ్యం లెక్కన అప్పటికప్పుడు వండండి.

అప్పటికప్పుడు వండేవాళ్లు స్టవ్ సమయాన్ని తక్కువ అంచనా వేస్తారు. 10 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి మరిగించడానికి, 2 కిలోవాట్ల వేడి మొత్తం నీళ్లలోకే పోయినా 28 నిమిషాలు పడుతుంది. గ్యాస్ మంటలో సగం వేడి గాలిలో కలుస్తుంది కాబట్టి గంట అనుకోవాలి, గాలి వీస్తే ఇంకా ఎక్కువ. చిన్న సిలిండర్లలో ఉత్త బ్యూటేన్ ఉంటే చలికి పనిచేయదు. అది ఆవిరయ్యేది సున్నాకు అర డిగ్రీ దిగువన, సిలిండర్ వాడేకొద్దీ తనే ఇంకా చల్లబడుతుంది. ప్రొపేన్ కలిసినది తీసుకోండి. సిలిండర్ మీదే బిగించే స్టవ్ చుట్టూ గాలి ఆపడానికి రేకు పూర్తిగా చుట్టకండి, సిలిండర్ వేడెక్కి పేలొచ్చు. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డం పెట్టండి. టెంట్ లోపలా, తలుపులు మూసిన వ్యాన్ లోపలా స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు. స్టవ్ పెట్టేచోట ఎండుటాకులన్నీ నేల కనపడేదాకా ఊడ్చేయాలి. బండిని కూడా ఎండుటాకుల కుప్ప మీద ఆపొద్దు, కింద వేడెక్కిన ఎగ్జాస్ట్ నిప్పు అంటిస్తుంది.

దారిలో దొరికిన పుట్టగొడుగులు గిన్నెలో వేయడం మాత్రం ఎవరు ఎంత తెలిసినవాళ్లైనా సరే వద్దు. డెత్ క్యాప్ అనే అమనిటా ఫల్లాయిడెస్ శరత్కాలంలోనే ఎక్కువగా మొలుస్తుంది. దాని విషం ఉడికించినా పోదు, లక్షణాలు ఆరు గంటలకు పైగా గడిచాకే బయటపడతాయి. ఒకే గిన్నె కాబట్టి ఒక్కరి పొరపాటు పన్నెండు మందికీ చేరుతుంది.

చేతులు కడగడానికి కుళాయి ఉన్న 10 లీటర్ల డబ్బా, సబ్బు పెట్టండి. శానిటైజర్ జెల్ వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద సరిగా పనిచేయదు, మట్టి చేతుల మీద అసలే పనిచేయదు. పళ్లెం, చెంచా, కప్పు ఎవరివి వాళ్లే తెచ్చుకుని, తిన్నాక కాగితంతో తుడిచి ఇంటికెళ్లి కడుక్కుంటే అక్కడ నీళ్లు పారబోసే పని ఉండదు.

వంట దగ్గర ఉండిపోయే మనిషి చేతిలో ఉత్త గరిటె ఉంటే చాలదు. నడిచేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, దారి మ్యాప్, దిగాల్సిన సమయం, ఎప్పటిదాకా రాకపోతే సాయం కోసం ఫోన్ చేయాలో ఆ సమయం, ఇవన్నీ ఆ మనిషి దగ్గర కాగితం మీద ఉండాలి. పై లెక్కలో దిగాల్సింది 3:30, ఫోన్ చేయాల్సింది 5:00 అనుకోవచ్చు. మధ్యలో ఎవరైనా దారి మార్చుకున్నా, ముందే ఇంటికి వెళ్లినా ఆ మనిషికి చెప్పే వెళ్లాలి. తిండి ఉన్న బండి తాళం కూడా ఆ మనిషి దగ్గరే ఉండాలి. స్వీప్ జేబులో తాళం ఉండిపోతే అందరికంటే చివర వచ్చేది కూడా ఆ తాళమే, అప్పటిదాకా గిన్నె బండి లోపల, జనం బండి బయట.

వడ్డన అయ్యాక మిగిలిన సూప్‌ను వేడి తగ్గకముందే ఎవరెవరు తీసుకెళ్తారో తేల్చండి. 60 డిగ్రీల కంటే దిగి రెండు గంటలు దాటితే పారేయాల్సిందే. ఎంత మిగిలిందో లీటర్లలో, ఎంతమంది తిన్నారో, నిజంగా ఎన్నింటికి దిగారో ఒక కాగితం మీద రాసుకుంటే తర్వాతి నడకకు ఒకటిన్నరతో హెచ్చవేయాలా, ఒకటీ ముప్పావుతోనా అన్నది మీ గుంపు అంకెలే చెబుతాయి.